వారం మాత్ర గురించి అడగండి

డాక్టరుకు తెలియని మందు ఉంటుందా?

ఉంటుంది. మందులు వేల రకాలు. ఏ డాక్టరుకైనా రోజూ రాసే మందులు నోటికి వస్తాయి. ఎప్పుడూ రాయని మందు మరుగున పడిపోతుంది. వారం మాత్ర అలా మరుగున పడిన మందు.

ఇది పిల్లలు పుట్టకుండా ఆడవాళ్లు వాడే మాత్ర. ఇందులో హార్మోన్లు లేవు. రోజూ వేసుకోనక్కర్లేదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు. ఆ తర్వాత వారానికి ఒకటి. మన దేశంలోనే కనిపెట్టారు. 1991 నుంచి అమ్ముతున్నారు. సర్కారు ఇచ్చేది ఉచితం. అయినా ఊళ్లో పదిమంది ఆడవాళ్లను అడిగి చూడండి. "ఎప్పుడూ వినలేదే" అంటారు. కొన్నిచోట్ల ఆసుపత్రిలో అడిగినా అదే జవాబు.

ఆ జవాబు వల్ల ఏం జరుగుతుందో చూద్దాం. ఒకామెకు ఇరవై మూడేళ్లు. చంకలో ఏడు నెలల బిడ్డ. కాన్పప్పుడు బీపీ వచ్చింది, ఇంకా తగ్గలేదు. రెండో బిడ్డకు మూడేళ్లన్నా ఎడం కావాలని ఆమె కోరిక. రోజూ వేసుకునే మాత్ర బీపీ ఉన్నవాళ్లకు మంచిది కాదని నర్సమ్మ చెప్పింది. లూపంటే ఆమెకు భయం. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది.

"మేడమ్, హార్మోను లేని మాత్ర ఏదన్నా ఉందా?"

"మాత్రలన్నీ హార్మోనువే అమ్మా. లూపు వేయించుకో. వద్దంటే ఇంకో కాన్పు చేసుకుని ఆపరేషన్ చేయించుకో."

ఆమె మారు మాట్లాడకుండా ఇంటికి వచ్చింది. రెండు నెలలు తిరగకుండా నెల తప్పింది. బిడ్డకు ఏడాది నిండలేదు. బీపీ అట్లాగే ఉంది. ఇలాంటి ఒంటితో మళ్లీ కాన్పు అంటే తల్లికీ ప్రమాదమే, కడుపులో బిడ్డకూ ప్రమాదమే.

ఇలాంటివాళ్లు ఒక ఊళ్లో కాదు, చాలా ఊళ్లలో ఉన్నారు. ఆ డాక్టరమ్మ చెడ్డ మనిషి కాదు. లూపు గురించి చెప్పింది సరైన సలహానే. మాత్రలన్నీ హార్మోనువే అన్న ఒక్క మాట మాత్రం తప్పు.

హార్మోను అంటే ఏమిటి?

మన ఒంట్లో కొన్ని గ్రంథులు ఉన్నాయి. వాటిలో కొన్ని రసాలు ఊరుతాయి. అవి రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి. ఏ పని ఎప్పుడు జరగాలో చెప్తాయి. ముట్టు ఎప్పుడు రావాలి, గర్భం ఎలా నిలవాలి, మగపిల్లాడికి మీసం ఎప్పుడు మొలవాలి, ఇవన్నీ వాటి పనే. ఆ రసాలనే హార్మోన్లు అంటారు.

రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్రలో అలాంటి హార్మోన్లే ఉంటాయి. మూడు నెలలకు ఒకసారి వేసే అంతర ఇంజక్షనులోనూ హార్మోనే ఉంటుంది. ఇవి చెడ్డవని కాదు. ఎంతోమందికి చక్కగా సరిపడ్డాయి. అందరికీ సరిపడవు, అంతే. మాలా-ఎన్ లాంటి మాత్ర బీపీ ఎక్కువ ఉన్నవాళ్లకు పనికిరాదు. కళ్ల ముందు మెరుపులు కనిపించి పార్శ్వపు నొప్పి వచ్చేవాళ్లకు పనికిరాదు. కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టినవాళ్లకు పనికిరాదు. ఆరు నెలల లోపు బిడ్డకు పాలిచ్చే తల్లికి కూడా ఇవ్వరు. కొందరికి ఏ జబ్బూ ఉండదు. మాత్ర వేసుకుంటే వాంతులు, తల తిరుగుడు. ఇంకొందరికి హార్మోను వేసుకోవడమే ఇష్టం ఉండదు. అదీ ఒక కారణమే. ఒళ్లు వాళ్లది గదా.

లక్నోలో పుట్టిన మందు

ఉత్తరప్రదేశ్‌లోని లక్నోలో కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ ఉంది. వారం మాత్రను అక్కడ తయారుచేశారు. డాక్టర్ నిత్యా ఆనంద్ అనే శాస్త్రవేత్త ఆ పనికి పెద్ద. ఏళ్ల తరబడి పరీక్షలు చేశాక 1991లో మాత్ర బజారుకు వచ్చింది. హిందుస్తాన్ లేటెక్స్ అనే ప్రభుత్వ కంపెనీ దాన్ని 'సహేలి' పేరుతో అమ్మింది. సహేలి అంటే స్నేహితురాలు. నిత్యా ఆనంద్‌కు 2012లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన 2024లో చనిపోయారు. 2016లో ప్రభుత్వం ఈ మాత్రను కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో చేర్చింది. సర్కారు ఉచితంగా ఇచ్చే మాత్రకు 'ఛాయ' అని పేరు పెట్టారు.

పేరు ఏదైనా లోపల మందు ఒకటే. ఆ మందు అసలు పేరు సెంట్‌క్రోమాన్. దానికే ఓర్మెలాక్సిఫెన్ అని ఇంకో పేరు. నోరు తిరగని పేర్లే. కానీ ఈ పేర్లతో పని ఉంది. ఆ సంగతి ముందుకు వస్తుంది.

ఈ మాత్ర ఎలా పనిచేస్తుంది? నెలనెలా అండం విడుదల కావడాన్ని ఇది ఆపదు. గర్భసంచి లోపలి పొర మీద పనిచేస్తుంది. అక్కడ హార్మోను చేసే పనిని అడ్డుకుంటుంది. అందుకని పిండం అక్కడ కుదురుకోలేదు. గర్భం నిలవదు. పద్ధతిగా వాడితే ఏడాదిలో నూటికి ఒకరికో ఇద్దరికో తప్ప గర్భం రాదు. మానేస్తే మళ్లీ పిల్లలు పుడతారు. పాలిచ్చే తల్లి కూడా వాడుకోవచ్చు. బీపీ ఉందని దీన్ని మానక్కర్లేదు.

ఎలా వేసుకోవాలి?

ముట్టు వచ్చిన మొదటి రోజున మొదటి మాత్ర వేసుకోవాలి. ఆ రోజు ఆదివారం అనుకోండి. రెండో మాత్ర బుధవారం. మళ్లీ ఆదివారం, మళ్లీ బుధవారం. ఇలా మూడు నెలలు. మొదటి మాత్ర సోమవారం పడితే రెండోది గురువారం. మంగళవారమైతే శుక్రవారం. మొదటి రోజుకూ రెండో రోజుకూ మూడు రోజుల తేడా, అంతే లెక్క. మధ్యలో ముట్టు వచ్చినా, రాకపోయినా ఆ వారాలు మారవు.

మూడు నెలలు దాటాక వారానికి ఒక్కటే. మొదటి మాత్ర ఏ వారం వేసుకున్నారో ఆ వారమే. ఆదివారం మొదలుపెడితే ఇక ప్రతి ఆదివారం.

ఒక స్ట్రిప్‌లో 8 మాత్రలు ఉంటాయి. వారానికి రెండు చొప్పున 12 వారాలకు 24 మాత్రలు. అంటే మూడు స్ట్రిప్‌లు. ఆ తర్వాత ఒక స్ట్రిప్ 8 వారాలు వస్తుంది. గోడ మీద క్యాలెండరులో మాత్ర రోజుకు సున్నా చుట్టండి. వేసుకున్నాక దాని మీద గీత కొట్టండి. రోజూ వేసుకునే మాత్ర అలవాటు మీద గుర్తుంటుంది. వారం మాత్రే మరిచిపోవడం తేలిక.

మరిచిపోతే? గుర్తురాగానే వేసుకోవాలి. ఏడు రోజుల లోపే గుర్తొస్తే పాత వారాల ప్రకారమే కొనసాగించాలి. కాని మళ్లీ ముట్టు వచ్చేదాకా నిరోధ్ కూడా వాడాలి. ఏడు రోజులు దాటిపోతే మొదటికి రావాల్సిందే. కొత్తగా మొదలుపెట్టినట్టు మళ్లీ మూడు నెలలు వారానికి రెండు వేసుకోవాలి.

ముట్టు ఆలస్యమైతే

ఈ మాత్ర మానేసేవాళ్లలో చాలామంది దీనికి భయపడే మానేస్తారు. కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

వారం మాత్ర వేసుకునేవాళ్లలో కొందరికి ముట్టు ఆలస్యమవుతుంది. ముప్పై రోజులకు వచ్చేది నలభై రోజులకు రావచ్చు. ముట్టు తక్కువగా కూడా కావచ్చు. మొదటి నెలల్లో ఇలా ఉంటుంది. ఒళ్లు అలవాటు పడ్డాక చాలామందికి సర్దుకుంటుంది. వాంతులు, వికారం సాధారణంగా ఉండవు.

ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటారు? "ముట్టు సరిగా కాకపోతే చెడు రక్తం లోపలే నిలిచిపోతుంది. వేడి చేస్తుంది. ఒళ్లు ఊరుతుంది" అంటారు. ఇది నిజం కాదు. ముట్టు రక్తం చెడు రక్తం కాదు. గర్భం కోసం గర్భసంచిలో ఒక పొర తయారవుతుంది. గర్భం రాకపోతే ఆ పొర ఊడి బయటకు వస్తుంది. అదే ముట్టు. పొర పలచగా ఉంటే పోయేదీ తక్కువే. పోకుండా లోపల దాక్కునేది ఏమీ లేదు. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లకు ముట్టు తక్కువ కావడం ఒకరకంగా మేలే.

అయితే ఒక హద్దు ఉంది. రావాల్సిన రోజు దాటి పదిహేను రోజులైనా ముట్టు రాకపోతే పరీక్ష చేయించుకోవాలి. ఆశా దగ్గర నిశ్చయ్ అనే పరీక్ష కిట్ ఉంటుంది. మూత్రంతో చేసే పరీక్ష. ఇంట్లోనే తెలిసిపోతుంది. గర్భం అని తేలితే మాత్ర ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

డాక్టర్లకు ఎందుకు గుర్తు లేదు?

మన రెండు రాష్ట్రాల్లో కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషనే. 2019-21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య పెళ్లైన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. తెలంగాణలో నూటికి 62 మంది. మగవాళ్ల ఆపరేషన్లు చాలా తక్కువ. మగవాళ్ల ఆపరేషన్ చిన్నది, హార్మోనుతో పని లేనిది, కుట్టు కూడా పడనిది. ఆ సంగతి మాత్రం ఇళ్లలో ఎవరూ ఎత్తరు.

ఆసుపత్రిలో జరిగేదీ అదే. డాక్టరమ్మ ఆపరేషన్లు చేస్తారు. నర్సమ్మ ఆపరేషన్లకు పేర్లు రాసుకుంటుంది. ఆశా తోడు వస్తుంది. ఇక మాత్ర ఎవరు అడుగుతారు? అడిగేవాళ్లు లేక స్టాకు కదలదు. స్టాకు కదలక ఇండెంటు పెట్టరు. ఇండెంటు లేక మాత్ర రాదు. మాత్ర కంటికి కనపడక డాక్టరుకు గుర్తుండదు.

ఇంకో చిక్కు ఉంది. ఇదే మందును ముట్టు ఎక్కువయ్యేవాళ్లకు రక్తస్రావం తగ్గడానికి కూడా ఇస్తారు. దానికి 60 మిల్లీగ్రాముల మాత్ర వాడతారు. 'సెవిస్టా' అనే పేరుతో దొరుకుతుంది. కొందరు డాక్టర్లకు ఈ మందు అలాగే తెలుసు. పిల్లలు పుట్టకుండా వాడతారని తట్టదు. "అది బ్లీడింగ్ మాత్ర కదా" అంటారు. పిల్లలు పుట్టకుండా వాడేది 30 మిల్లీగ్రాముల మాత్ర. ఈ అంకె గుర్తుంచుకోవాలి.

చీటీ రాసుకుని వెళ్లండి

డాక్టరు ముందు నిలబడితే చాలామందికి మాట తడబడుతుంది. వెనక ఇరవైమంది వరుసలో ఉంటారు. అప్పుడు చీటీ ఆదుకుంటుంది. ఒక కాగితం మీద ఇలా రాసుకోండి:

సెంట్‌క్రోమాన్ (ఓర్మెలాక్సిఫెన్), 30 మిల్లీగ్రాములు.
సర్కారు పేరు ఛాయ. షాపులో సహేలి.
నాకు బీపీ ఉంది. బిడ్డకు పాలిస్తున్నాను.
ఈ మాత్ర నాకు పనికొస్తుందా?

మూడో వరుసలో ఎవరి సంగతి వాళ్లు రాసుకోవాలి. కామెర్లు వచ్చి ఉంటే అదీ రాయాలి. రోజూ వాడే మందులు ఉంటే వాటి పేర్లూ రాయాలి. పేరు చూస్తే డాక్టరుకు గుర్తు రావచ్చు. గుర్తు రాకపోయినా పుస్తకంలోనో ఫోనులోనో ఆ పేరు వెతికి చూడగలరు. "వారానికి వేసుకునేది, ఏదో మాత్రంట" అంటే వెతకడానికి ఆధారం ఉండదు. అందుకే నోరు తిరగకపోయినా ఆ పేర్లతో పని ఉంది. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి అడిగితే ఇంకా మంచిది. పొదుపు సంఘంలో ఇలాంటి అవసరం ఉన్నవాళ్లు ఒక్కరే ఉండరు.

ఈ మాత్రకు భర్త సంతకం అక్కర్లేదు. లూపుకూ అక్కర్లేదు. ఎవరైనా అడిగితే ఆ రూలు ఎక్కడుందో చూపించమని మర్యాదగా అడగవచ్చు.

మూడు రకాల జవాబులు

అడిగాక కాదన్నారు అనుకోండి. అక్కడితో లేచి రాకూడదు. ఆ కాదనడంలో మూడు రకాలు ఉన్నాయి. "నీకు వద్దు" ఒకటి. "నాకు తెలియదు" ఒకటి. "మా దగ్గర లేదు" ఒకటి. వినడానికి మూడూ ఒకేలా ఉంటాయి. కాని దేని దారి దానిదే. "మేడమ్, నాకు పడదనా, ఇక్కడ లేదనా?" అని అడిగితే చాలు, ఏదో తేలిపోతుంది.

"నీకు వద్దు" అంటే ఎందుకో అడగాలి. కారణం చెప్తే వినాలి. కొందరికి ఈ మాత్ర నిజంగానే పనికిరాదు. కామెర్లు వచ్చి ఎక్కువ కాలం కానివాళ్లు వాడకూడదు. కాలేయం జబ్బు, మూత్రపిండాల జబ్బు, క్షయ ఉన్నవాళ్లు వాడకూడదు. అండాశయంలో నీటి బుడగలు, అంటే పీసీఓడీ ఉన్నవాళ్లు వాడకూడదు. గర్భసంచి ముఖద్వారం దగ్గర కండ పెరిగినవాళ్లకూ ఇవ్వరు. ఇలాంటి కారణం చెప్పిన డాక్టరుకు మందు తెలిసినట్టే. ఆ మాట దాటి షాపులో కొనుక్కుంటే మోసపోయేది మనమే.

వారం మాత్ర పడనివాళ్లకు హార్మోను లేని దారులు ఇంకా ఉన్నాయి. కాపర్-టి ఉంది. దాన్నే మన ఊళ్లలో లూపు అంటారు. అందులో రాగి తప్ప హార్మోను లేదు. సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా వేస్తారు. 380-ఎ రకం పదేళ్లు పనిచేస్తుంది. 375 రకం అయిదేళ్లు పనిచేస్తుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయించుకోవచ్చు. రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్లకు కూడా ఇది సరిపడుతుంది. మొదటి కొన్ని నెలలు ముట్టు ఎక్కువ కావచ్చు, పొత్తికడుపు నొప్పి రావచ్చు. ముందే ముట్టు ఎక్కువయ్యేవాళ్లు, రక్తం బాగా తక్కువ ఉన్నవాళ్లు ఆ మాట చెప్పి వేయించుకోవాలి. లూపు గుండెల్లోకి పోతుందనే భయం అక్కర్లేదు. గర్భసంచికీ గుండెకూ దారి లేదు. ఇక నిరోధ్ సంగతి అందరికీ తెలిసిందే. సుఖవ్యాధులనూ ఎయిడ్స్‌నూ ఆపేది అదొక్కటే. వారం మాత్ర ఆపదు, లూపూ ఆపదు.

"నాకు తెలియదు" అన్న డాక్టరు నిజం చెప్పినట్టు. అందులో తప్పు లేదు. తెలియకుండానే "అలాంటి మాత్ర లేదు" అనడం కంటే అది నయం. అప్పుడు చీటీ చూపించి, "ఒకసారి చూసి చెప్తారా మేడమ్? వచ్చే వారం వస్తాను" అనండి. చాలామంది చూసి చెప్తారు. కొందరికి కోపం వస్తుంది. "నాకే చెప్తావా?" అంటారు. గొడవ పడి లాభం లేదు. పీహెచ్‌సీలో కాకపోతే జిల్లా ఆసుపత్రిలో ఆడవాళ్ల జబ్బుల డాక్టరు ఉంటారు. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో కుటుంబ నియంత్రణ విభాగం ఉంటుంది. అక్కడ అడగవచ్చు. ఊళ్లో నర్సమ్మను కూడా అడగండి. అంగన్‌వాడీలో టీకాల రోజున ఆమె తప్పకుండా దొరుకుతుంది. డాక్టరుకు గుర్తు లేని మాత్ర ఒక్కోసారి నర్సమ్మ బీరువాలోనే ఉంటుంది. ఇలా తిరిగే రోజుల్లో చేతులు కట్టుకుని కూర్చోకూడదు. మాత్ర చేతికి వచ్చేదాకా నిరోధ్ వాడాలి. పైన చెప్పిన ఆమెకు నెల తప్పింది ఆ ఖాళీ రోజుల్లోనే.

"మా దగ్గర లేదు" అంటే అది స్టాకు సంగతి. నర్సమ్మను ఇండెంటు పెట్టమనండి. ఎప్పుడు వస్తుందో అడిగి తేదీ రాసుకోండి. ఆ తేదీకి వెళ్లండి. ఈలోపు మందుల షాపులో సహేలి కొనుక్కోవచ్చు. స్ట్రిప్‌ల మీద పేర్లు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. అంకెలు మాత్రం మనం చదువుకున్న అంకెలే. 30 అని ఉందో, 60 అని ఉందో చూడండి. ధర చూడండి. గడువు తేదీలో నెల, సంవత్సరం చూడండి. గడువు దాటి ఉంటే అక్కడే, డబ్బులు ఇవ్వకముందే, స్ట్రిప్ వెనక్కి ఇచ్చేయండి.